డెట్రాయిట్ చూడాలంటే ఏ వరసలో చూడాలి

మిషిగన్‌లో మనవాళ్ళు ఎక్కువగా నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపే ఉంటారు, ఆఫీసు ఆ చుట్టుపక్కలే, గుడి అక్కడే, ఇండియన్ స్టోర్ అక్కడే, దాంతో డెట్రాయిట్ సిటీలోకి వెళ్ళాల్సిన పని పెద్దగా పడదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా తీసుకెళ్తారు, చికాగో, న్యూయార్క్ తిప్పుతారు, కానీ అరగంట ముప్పావుగంట దూరంలో ఉన్న ఊరు మాత్రం చూపించరు. అడిగితే "అక్కడేముందండీ, పాడుబడ్డ ఇళ్ళు తప్ప" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా మనసుకి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే కారు, ఫ్యాక్టరీ జీతం మీద ఇల్లు కొనుక్కోగలిగిన కుటుంబాలు, యూనియన్లు, రేడియోలో మోగిన పాటలు, ఇవన్నీ అమెరికాలో ఇప్పుడున్న రూపానికి రావడంలో ఈ ఊరి చెయ్యి చాలా ఉంది, మనం ఉంటున్న ఆ సబర్బ్ కూడా ఈ ఊరి కథలో ఒక ముక్కే.

ఎలా చూడాలి అంటే నేను చెప్పేది ఒక్కటే, వరస ముఖ్యం. ఆన్‌లైన్‌లో "టాప్ 10 ప్లేసెస్" లిస్టు పెట్టుకుని తిరిగితే ఒక మ్యూజియం, ఒక పార్కు, ఒక పిజ్జా, నాలుగు ఫోటోలు, సాయంత్రానికి ఏదీ దేనికీ అతకదు. ఊరు దేని మీద బతికిందో ముందు పట్టుకోండి, తర్వాత ఆ బతుకుని ఆర్టిస్టులు ఎలా చూశారో చూడండి, ఆ తర్వాత ఆ డబ్బు ఎవరికి అందింది ఎవరికి అందలేదు అని అడగండి. డెట్రాయిట్‌లో అయితే మ్యాపు, ఫ్యాక్టరీ, గోడ మీద బొమ్మ, పాట, చివర్లో కనపడకుండా పోయిన పేటలు. ఒక్క రోజులో అవదు, రెండు మూడు శనివారాలు పెట్టుకోండి, దగ్గరే కాబట్టి తొందరేం లేదు.

ముందు మ్యాపు. ఫోన్‌లో డౌన్‌టౌన్ తెరిచి కాస్త జూమ్ అవుట్ చేస్తే విసనకర్ర విప్పినట్టు రోడ్లు కనిపిస్తాయి, నది ఒడ్డున మొదలై మిషిగన్ అవెన్యూ, గ్రాండ్ రివర్, వుడ్‌వర్డ్, గ్రేషట్ అన్నీ బయటికి పరుచుకుంటాయి. 1701లో క్యాడిలాక్ అనే ఫ్రెంచ్ ఆఫీసర్ ఇక్కడ కోట కట్టాడు, అప్పటికే ఈ నేల ఒడావా, ఒజిబ్వే, పొటావటామీ, వయండాట్ జనాలది. బోబియన్, లివర్నాయ్ లాంటి వీధి పేర్లు ఆ ఫ్రెంచ్ రైతు కుటుంబాలవే, నది ఒడ్డు నుంచి లోపలికి సన్నగా రిబ్బన్లలా పొలాలు ఉండేవి, వీధులు ఆ పొలం గట్ల వెంబడే వచ్చాయి. 1805లో ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. అగస్టస్ వుడ్‌వర్డ్ అనే జడ్జి కొత్తగా ప్లాన్ గీశాడు, ఈ విసనకర్ర ఆయనదే, పూర్తిగా కట్టలేదు గానీ గ్రాండ్ సర్కస్ పార్క్ దగ్గర అరచక్రం అలాగే మిగిలింది. క్యాంపస్ మార్షియస్ పార్కులో కొలతలు మొదలైన చోటు గుర్తు ఒకటి ఉంటుంది, మీరు రోజూ ఆఫీసుకి వెళ్ళే నైన్ మైల్, ట్వెల్వ్ మైల్, ఫోర్టీన్ మైల్ రోడ్ల నంబర్లు ఇక్కడి నుంచి లెక్కపెట్టినవే. పిల్లల్ని దాని మీద నిలబెట్టి మన ఇల్లు ఎన్నో మైలు అని అడగండి, వాళ్ళకి ఊరు అక్కడే అర్థమవడం మొదలవుతుంది.

అక్కడి నుంచి నది వైపు నడిస్తే హార్ట్ ప్లాజా. అవతల కనిపించేది కెనడాలో విండ్సర్, తమాషా ఏంటంటే ఇక్కడ కెనడా దక్షిణం వైపు ఉంటుంది. నది ఒడ్డున కంచు విగ్రహాల గుంపు ఒకటుంది, ఎడ్ డ్వైట్ అనే శిల్పి చేసింది, 2001లో పెట్టారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు అవి, వాళ్ళ మధ్యలో ఒకాయన చెయ్యి చాపి అవతలి ఒడ్డు చూపిస్తుంటాడు. 1834కల్లా బ్రిటిష్ పాలనలో ఉన్న కెనడాలో బానిసత్వం రద్దయింది, ఇటు అమెరికాలో 1850 చట్టం వచ్చాక ఉత్తరాది రాష్ట్రాల్లో కూడా పట్టుకుని వెనక్కి పంపే ప్రమాదం పెరిగింది, అందుకే ఈ నది దాటడం అంటే ప్రాణం దక్కినట్టు. రహస్యంగా దాటించే మనుషుల మధ్య డెట్రాయిట్‌కి మిడ్‌నైట్ అని కోడ్ పేరు ఉండేది. గ్రీక్‌టౌన్‌లో మన్రో స్ట్రీట్ మీద సెకండ్ బాప్టిస్ట్ చర్చ్ ఉంది, 1836 నాటి సంస్థ, బానిసత్వం నుంచి బయటపడిన 13 మంది మొదలుపెట్టింది, నది దాటే ముందు జనాన్ని దాచింది అక్కడే. లోపల చూడాలంటే ముందే ఫోన్ చేసి టూర్ మాట్లాడుకోవాలి. మన్రో స్ట్రీట్‌లో తినడానికి వెళ్ళి ఆ చర్చ్ ముందు నుంచే నడిచిపోతుంటారు చాలామంది, ఈసారి ఒక్క నిమిషం ఆగండి.

డౌన్‌టౌన్‌లో ఇంకొక్కటి మాత్రం వదలొద్దు, గార్డియన్ బిల్డింగ్. 1929లో తెరిచారు, అదే ఏడాది అక్టోబర్‌లో షేర్ మార్కెట్ కూలింది. నారింజ రంగు ఇటుక, లోపల రంగురంగుల టైల్స్, పాలరాయి, బ్యాంకు కోసం కట్టినా చర్చిలా ఉంటుంది, కార్ల డబ్బు ఈ ఊరిలోకి ఎంత వేగంగా వచ్చిందో ఆ లాబీలో తల పైకెత్తితే తెలుస్తుంది. వీక్‌డేస్ పగటిపూట వెళ్తే లాబీ ఊరికే చూడొచ్చు. ఆ టైల్స్ కొన్ని పీవాబిక్ పాటరీలో చేసినవి, మేరీ చేజ్ పెరీ అనే ఆవిడ 1903లో మొదలుపెట్టిన కుండల పని, ఈస్ట్ జెఫర్సన్ మీద ఇప్పటికీ నడుస్తోంది, లోపలికి వెళ్ళి బట్టీలు చూడొచ్చు.

ఇప్పుడు ఫ్యాక్టరీ. పికెట్ అవెన్యూలో ఫోర్డ్ పాత ప్లాంట్ ఉంది, 1904లో కట్టిన మూడంతస్తుల ఇటుక బిల్డింగ్, బయట నుంచి చూస్తే పాత బట్టల మిల్లులా ఉంటుంది. మోడల్ టి కారు పుట్టింది ఇక్కడే, 1908లో. మూడో అంతస్తులో ఒక మూల గది ఉంటుంది, హెన్రీ ఫోర్డ్, ఇంకొద్దిమంది ఇంజనీర్లు తలుపేసుకుని ఆ కారు డిజైన్ చేసిన చోటు. నేల చెక్కలు అప్పటివే, నూనె ఇంకి నల్లబడి ఉంటాయి, నడుస్తుంటే కిర్రుమంటాయి. గమనించాల్సింది ఏంటంటే ఈ బిల్డింగ్‌లో కదిలే లైను లేదు. కారు ఒక చోట నిలబడి ఉంటే మనుషులు దాని చుట్టూ తిరుగుతూ బిగించేవాళ్ళు. 1910లో పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ అనే ఊళ్ళో ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ కాన్ కట్టిన పెద్ద ప్లాంట్‌కి మారారు, అక్కడ 1913లో లైను కదలడం మొదలైంది, మనిషి నిలబడ్డాడు, కారు కదిలింది. ఛాసీ బిగించడానికి పన్నెండు గంటల పైన పట్టేది గంటన్నరకి వచ్చేసింది. కానీ రోజంతా ఒకే బోల్టు బిగించే పని, జనం తట్టుకోలేక మానేసి వెళ్ళిపోయేవాళ్ళు, అందుకే 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లు అని ప్రకటించారు, అప్పటి కూలికి దాదాపు రెట్టింపు. ఆ 5 డాలర్ల కబురు విని దక్షిణాది పత్తి చేల నుంచి నల్లవాళ్ళు, పోలండ్ నుంచి, లెబనాన్ నుంచి, మెక్సికో నుంచి జనం వచ్చారు. ఆ ప్లాంట్ ఇప్పుడు వుడ్‌వర్డ్ మీద వెళ్తుంటే బయట నుంచి చూడ్డమే, బోర్డు ఉంటుంది, ముందు ఒక షాపింగ్ ప్లాజా ఉంది. పికెట్ మాత్రం మ్యూజియంగా చక్కగా పెట్టారు, టూర్ చెప్పేవాళ్ళలో కార్లంటే ప్రాణం పెట్టే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని కదిలిస్తే చాలు, బోర్డుల మీద లేని విషయాలు ఎన్నో చెప్తారు.

పికెట్ చూసిన రోజే డిఐఏకి వెళ్ళండి, అంటే డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్, వుడ్‌వర్డ్ మీదే కిందకి వస్తే తగులుతుంది. ఫ్యాక్టరీ కళ్ళ ముందు ఉండగానే ఆ బొమ్మ చూడాలి, లేకపోతే గోడ నిండా పైపులు, మెషీన్లు, ఏదో గజిబిజిగా ఉంది అనిపించి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. వేన్, ఓక్లాండ్, మకోంబ్ మూడు కౌంటీల వాళ్ళకి ఎంట్రీ ఫ్రీ, 2012లో జనం ఓటేసి ప్రాపర్టీ టాక్స్‌లో కొంత దీనికి ఇస్తున్నారు, అంటే నోవై, ట్రాయ్, కాంటన్ వాళ్ళు ఆల్రెడీ డబ్బు కట్టేశారన్నట్టే, డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే చాలు. ఆన్ ఆర్బర్ వాళ్ళది వేరే కౌంటీ కాబట్టి టికెట్ కొనాలి. సోమవారం మూసేస్తారు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే లోపల వీల్‌చైర్లు ఇస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

లోపల మధ్యలో రివేరా కోర్ట్ ఉంటుంది. మెక్సికో పెయింటర్ డియెగో రివేరా 1932, 33లో నాలుగు గోడల మీద 27 ప్యానెళ్ళు వేశాడు. డబ్బు ఇచ్చింది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్, వేసింది కమ్యూనిస్ట్. ఆయన వచ్చింది డిప్రెషన్, అంటే ఆర్థిక మాంద్యం కాలంలో, అంతకి నెల ముందే 1932 మార్చిలో ఉద్యోగాలు పోయినవాళ్ళు డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ ప్లాంట్‌కి ఊరేగింపుగా వెళ్తే పోలీసులు, కంపెనీ గార్డులు కాల్పులు జరిపారు, నలుగురు ఆ రోజే చనిపోయారు. అదే రూజ్ ప్లాంట్‌లో రివేరా నెలల తరబడి తిరిగి స్కెచ్‌లు గీసుకున్నాడు.

ఇది ఫ్రెస్కో, అంటే ఆరిన గోడ మీద రంగు పూయడం కాదు. సున్నం ప్లాస్టర్ ఆ రోజుకి సరిపడా మాత్రమే గోడకి పూస్తారు, అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగుతో బొమ్మ వేసేయాలి, ఆరేటప్పుడు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్ళీ రాయి అవుతుంది, రంగు ఆ రాయిలో భాగమైపోతుంది. తప్పు వస్తే చెరపడం ఉండదు, ఆ ముక్క చెక్కేసి మళ్ళీ ప్లాస్టర్ పూయాల్సిందే. అసిస్టెంట్లు ముందు రాత్రే ప్లాస్టర్ సిద్ధం చేసి పెట్టేవాళ్ళు. దగ్గరికెళ్ళి ఒక పక్క నుంచి చూస్తే ఒక రోజు పని ఎక్కడ ఆగి ఇంకో రోజు పని ఎక్కడ మొదలైందో ఆ అతుకుల గీతలు కొన్ని చోట్ల కనిపిస్తాయి.

మధ్యలో బెంచీ మీద కూర్చోండి, ఉత్తరం గోడతో మొదలుపెట్టండి. కింద పెద్ద ప్యానెల్‌లో వి-8 ఇంజన్ తయారీ, మనుషులు ఒంగి లాగుతున్నారు, నెడుతున్నారు, ఒక్కడి మొహంలో కూడా తీరిక లేదు. పైన కుడి మూల ఒక పిల్లాడికి టీకా వేస్తుంటారు, నర్సు, డాక్టరు, ముందు గుర్రం, ఎద్దు, గొర్రెలు. ఏసు పుట్టిన దృశ్యాన్ని ఇలా వెక్కిరిస్తావా అని 1933లో చర్చి పెద్దలు గొడవ చేశారు, గోడలకి సున్నం కొట్టేయమన్నారు, ఎడ్సెల్ ఫోర్డ్ ఒప్పుకోలేదు. నిజానికి ఆ జంతువులు అక్కడ ఉండటానికి కారణం టీకాలు తయారయ్యేది వాటి నుంచే కాబట్టి. అటు ఎడమ వైపు చూస్తే విషవాయువు బాంబులు తయారు చేస్తున్నారు. ఒకే సైన్సు, ఒక మూల ప్రాణం పోస్తోంది ఇంకో మూల తీస్తోంది, రివేరా ఈ రెండూ ఒకే గోడ మీద ఎదురెదురుగా పెట్టాడు.

దక్షిణం గోడకి తిరగండి. కుడి పక్కన ఒక భారీ ప్రెస్ మెషీన్ ఉంటుంది, కాసేపు చూస్తే దానికి ఒళ్ళు, భుజాలు ఉన్నట్టు అనిపిస్తుంది, మెక్సికోలో పూర్వం ఉన్న అజ్టెక్‌ల దేవత కోట్లిక్యూ విగ్రహం ఆకారం అది. మనుషుల్ని బలి కోరే దేవత ఫ్యాక్టరీలో నిలబడి ఉంది. ఇప్పుడు తయారైన కారు ఎక్కడుందో వెతకండి, పిల్లలకి ఇది మంచి ఆట. ఇంత గోడ మీద పూర్తయిన కారు ఒక్కటే, అసెంబ్లీ లైను చివర ఎక్కడో దూరంగా చిన్న ఎర్రటి చుక్కంత. ఆ గదిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఈ చుక్కే, కార్ల కంపెనీ డబ్బుతో వేసిన బొమ్మలో కారు అంత చిన్నది, మనుషులు అంత పెద్దవాళ్ళు. కింద అంచున చిన్న బూడిద రంగు ప్యానెళ్ళు వరసగా ఉంటాయి, పొద్దున పనిలోకి రావడం దగ్గర్నుంచి కార్మికుడి ఒక రోజు మొత్తం వాటిలో ఉంది, చాలామంది పైకే చూస్తూ ఇవి వదిలేస్తారు.

తూర్పు గోడ మీద మొక్క దుంపలో ముడుచుకుని ఉన్న పసిబిడ్డ ఉంటుంది, వేళ్ళు భూమిలోకి దిగి ఉంటాయి. రివేరా భార్య ఫ్రీడా కాలో కూడా అప్పుడు ఇక్కడే ఉంది, 1932 జులైలో హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్‌లో ఆవిడకి గర్భం పోయింది, ఆ బాధని ఆవిడ చిన్న పెయింటింగ్‌గా వేసింది, ఆ తర్వాతి కాలంలో ఆవిడకి పేరు తెచ్చిన పద్ధతి అక్కడే గట్టిపడింది. ఈ సంగతి తెలిసి ఆ బిడ్డని చూస్తే వేరేగా ఉంటుంది.

ఓపిక ఉంటే పక్క గదుల్లో బ్రూగెల్ వేసిన పెళ్ళి డ్యాన్స్, వాన్ గో సెల్ఫ్ పోర్ట్రెయిట్ చూడండి. ఆ వాన్ గో 1922లో కొన్నది, అమెరికాలో ఏ మ్యూజియం అయినా కొన్న మొదటి వాన్ గో అదే. ఏషియన్ గ్యాలరీలో చోళుల కాలం నాటి పార్వతి కంచు విగ్రహం ఉంది, అమ్మానాన్నలు తప్పకుండా ఆగిపోయే చోటు. ఇవన్నీ ఒక దశలో చేజారిపోయేవి. 2013 జులైలో సిటీ దివాలా తీసింది, అప్పులవాళ్ళు మ్యూజియంలో బొమ్మలు అమ్మి డబ్బు కట్టమన్నారు, అటు పక్క సిటీ రిటైర్డ్ ఉద్యోగుల పెన్షన్లు. ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం డోనర్లు కలిసి 80 కోట్ల డాలర్లకి పైగా పోగుచేసి పెన్షన్లకి ఇచ్చి, బదులుగా ఆర్ట్ మొత్తం సిటీ చేతుల్లోంచి ఒక నాన్‌ప్రాఫిట్‌కి మార్పించారు. పెన్షన్లు అయినా కొంత కోత పడ్డాయి. కాబట్టి ఆ గోడల ముందు నిలబడినప్పుడు ఆ ముసలివాళ్ళని కూడా తలుచుకోవాలి.

ఆ తర్వాతే మోటౌన్, పాటల రికార్డు కంపెనీ. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో 2648 నంబర్ ఇల్లు, మామూలు ఇల్లు, మీద హిట్స్‌విల్ యుఎస్ఏ అని రాసి ఉంటుంది. బెరీ గోర్డీ లింకన్-మెర్క్యురీ ప్లాంట్‌లో లైను మీద పని చేశాడు, 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. ఒట్టి రేకు ఒక చివర లోపలికి వెళ్ళి ఇంకో చివర కారై బయటికి రావడం చూశాడు కదా, పేటలో తిరిగే కుర్రాళ్ళు ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి స్టార్లుగా బయటికి వెళ్ళాలి అనుకున్నాడు. పాట రాసేవాళ్ళు ఒక గదిలో, వాయించేవాళ్ళు ఇంకో గదిలో, నడక, మాట తీరు నేర్పేవాళ్ళు వేరే, ఆఖర్న క్వాలిటీ కంట్రోల్ మీటింగ్, ఏ పాట బయటికి వెళ్ళాలో అక్కడ ఓటింగ్. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, మార్విన్ గే, స్టీవీ వండర్ అందరూ ఈ ఇంట్లోంచి వచ్చినవాళ్ళే. స్టూడియో ఎ అంటే ఇంటి వెనకాల అంతకుముందు ఫోటోగ్రాఫర్ వాడుకున్న గది, అంత చిన్నగా ఉంటుందని ఎవరూ అనుకోరు. కంట్రోల్ రూంలో నేల మీద ఒక చోట అరిగిపోయి ఉంటుంది, ఇంజనీర్లు పాటకి కాలుతో తాళం వేసి వేసి అరిగింది. ఒక చాక్లెట్ మెషీన్ కూడా ఉంటుంది, చూపు లేని చిన్న స్టీవీ తడుముకుని తీసుకునేలా ఆయనకిష్టమైన చాక్లెట్ ఎప్పుడూ ఒకే అరలో పెట్టేవాళ్ళట. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వీకెండ్‌లో నేరుగా వెళ్తే దొరకడం కష్టం. మ్యూజియంని పెద్దది చేస్తున్నారు కాబట్టి ఏ రోజు తెరిచి ఉందో కూడా చూసుకోండి. కార్లో వెళ్తూ దార్లో వాళ్ళ పాటలు రెండు మూడు పెట్టుకుని వెళ్తే ఆ గదిలో నిలబడ్డప్పుడు చెవుల్లో ఉంటాయి.

ఇంతవరకు అందరూ చెప్తారు. కనపడని పేటల దగ్గరికి మాత్రం చాలామంది వెళ్ళరు, నా లెక్కలో అసలు ముఖ్యమైంది ఇదే. డౌన్‌టౌన్ పక్కన ఐ-375 అని చిన్న ఫ్రీవే ఉంది, బాల్ గేమ్‌కి వెళ్ళేటప్పుడు మీరు చాలాసార్లు దాని మీద డ్రైవ్ చేసే ఉంటారు. ఆ రోడ్డు కింద హేస్టింగ్స్ స్ట్రీట్ ఉండేది. బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అని రెండు పేటలు, దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్ళకి ఊళ్ళో వేరే చోట ఇల్లు అద్దెకివ్వరు, అమ్మరు, అందుకని అందరూ అక్కడే, డాక్టర్లు, కిరాణా కొట్లు, చర్చిలు, జాజ్ క్లబ్బులు అన్నీ ఆ వీధిలోనే. 1950లలో, 60ల మొదట్లో మురికివాడ అని చెప్పి మొత్తం కూల్చేశారు, కొంత ఫ్రీవే అయింది, కొంత లఫాయెట్ పార్క్ అయింది. లఫాయెట్ పార్క్‌లో మీస్ వాన్ డెర్ రోహె కట్టిన అపార్ట్‌మెంట్లు నిజంగా అందంగా ఉంటాయి, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు వచ్చి చూస్తారు, చూడండి, కానీ ఆ చెట్ల కింద ఎవరి ఇళ్ళు ఉండేవో తెలుసుకుని చూడండి. పాత మ్యాపులు, ఫోటోలు కావాలంటే డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీ మెయిన్ బ్రాంచ్‌లో బర్టన్ కలెక్షన్ ఉంది, డిఐఏకి ఎదురుగానే. వేన్ స్టేట్‌లో చదువుకునే మన పిల్లలకి అది నడిచే దూరం, పక్కనే క్యాంపస్‌లో రూథర్ లైబ్రరీలో యూనియన్ల కాగితాలు, ఫోటోలు బోలెడు ఉన్నాయి.

ఎయిట్ మైల్ దగ్గర ఒక గోడ ఉంది, బర్వుడ్ స్ట్రీట్ వెనకాల, అల్ఫోన్సో వెల్స్ ప్లేగ్రౌండ్ పక్కన. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ అక్కడ తెల్లవాళ్ళకి ఇళ్ళు కట్టాలనుకున్నాడు, పక్కనే నల్లవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి కాబట్టి ఫెడరల్ హౌసింగ్ వాళ్ళు లోన్లకి ఒప్పుకోలేదు, మధ్యలో గోడ కడతాను అంటే ఒప్పుకున్నారు. అంతే, గోడ కట్టేశాడు. ఇప్పుడు అటూ ఇటూ ఉండేది నల్లవాళ్ళే, పార్కు వైపు భాగం మీద 2006లో రంగురంగుల బొమ్మలు వేశారు, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయిన రోజా పార్క్స్ బస్సెక్కుతున్న బొమ్మ కూడా అందులో ఉంది. ఆవిడ అలబామా నుంచి 1957లో డెట్రాయిట్ వచ్చేసి చనిపోయేదాకా ఇక్కడే ఉంది, ఆవిడ అరెస్టయిన బస్సు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, ఎక్కి సీట్లో కూర్చోవచ్చు. గోడ దాటి ఇళ్ళ వైపు వెళ్తే అది మనుషుల పెరట్ల వెనకాల మామూలు ప్రహరీలా సాగిపోతుంది, అక్కడ జనం ఉంటారు, కాబట్టి ఇళ్ళ ఫోటోలు తీయకండి, పార్కు వైపు నుంచే చూడండి. సబర్బ్‌లో ఇల్లు కొన్నప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ బాగుందా అని చూస్తాం కదా, ఆ గీతలు ఎలా పడ్డాయో ఈ గోడ దగ్గర అర్థమైనంతగా నాకు ఇంకెక్కడా అర్థం కాలేదు.

1967 జులై 23న ట్వెల్త్ స్ట్రీట్, క్లెర్‌మౌంట్ మూల దగ్గర పోలీసులు లైసెన్స్ లేని ఒక రాత్రి క్లబ్ మీద రెయిడ్ చేశాక మొదలైన గొడవల్లో 43 మంది చనిపోయారు. ఆ వీధికి ఇప్పుడు రోజా పార్క్స్ బులవార్డ్ అని పేరు, మూల మీద చిన్న పార్కు ఉంది. ఇదంతా ఒక చోట సరిగ్గా చెప్పేది చార్ల్స్ రైట్ మ్యూజియం, డిఐఏ వెనకాలే, ఆఫ్రికా నుంచి ఓడ లోపలి దాకా నడిపించి డెట్రాయిట్ వీధిలోకి తీసుకొస్తుంది, దానికి విడిగా ఒక పూట పెట్టుకోండి, డిఐఏతో కలిపితే కాళ్ళు, మనసు రెండూ అలిసిపోతాయి. 1963 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ వుడ్‌వర్డ్ మీద పెద్ద ర్యాలీ చేసి వాషింగ్టన్‌లో తర్వాత చెప్పిన "నాకో కల ఉంది" మాటలు ముందు ఇక్కడే చెప్పాడు, ఆ ప్రసంగాన్ని రికార్డుగా వేసింది మోటౌనే.

మనకి ఇంకా దగ్గరి సంగతి విన్సెంట్ చిన్‌ది. 1982 జూన్‌లో, జపాన్ కార్ల వల్ల ఇక్కడి ఉద్యోగాలు పోతున్నాయని కోపం ఉన్న రోజుల్లో, పెళ్ళి కొద్ది రోజుల్లో ఉందనగా ఈ చైనీస్ అమెరికన్ కుర్రాడిని ఇద్దరు ఆటో ఇండస్ట్రీ మనుషులు హైలాండ్ పార్క్‌లో బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. శిక్ష 3000 డాలర్ల ఫైన్, ప్రొబేషన్, జైలు లేదు. దాని మీద దేశమంతటా ఏషియన్ అమెరికన్లు ఒక్కటయ్యారు. ఫెర్న్‌డేల్‌లో వుడ్‌వర్డ్, నైన్ మైల్ దగ్గర ఆ కేసు గురించి ఫలకం ఉంది. కాఫీకి ఫెర్న్‌డేల్ వెళ్ళినప్పుడు చూడండి, పెద్ద పిల్లలకి చెప్పండి.

తిండి విషయానికొస్తే డెట్రాయిట్ పిజ్జా నలుచదరంగా, అంచుల్లో చీజ్ మాడి కరకరలాడుతూ, సాస్ పైన ఉంటుంది, 1946లో బడ్డీస్‌లో మొదలైంది, అప్పట్లో ఆటో ప్లాంట్లలో వాడే ఇనప ట్రేల్లోనే కాల్చేవాళ్ళు, వెజిటేరియన్లకి ఇబ్బంది లేదు. శనివారం పొద్దున్నే ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్తే కూరగాయలు, చుట్టుపక్కల గోడల నిండా మ్యూరల్స్. హ్యామ్‌ట్రామిక్ అనే రెండు చదరపు మైళ్ళ బుల్లి ఊరు డెట్రాయిట్ మధ్యలోనే ఉంది, డాడ్జ్ ప్లాంట్ కోసం వచ్చిన పోలిష్ వాళ్ళు కట్టుకున్నది, ఇప్పుడు బంగ్లాదేశ్, యెమెన్ వాళ్ళు, కోనంట్ మీద బెంగాలీ స్వీట్లు దొరుకుతాయి.

వేరే ఊళ్ళల్లో ఉండేవాళ్ళకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళేవాళ్ళు ఒక పూట క్యారీ ఫర్నేస్ అనే పాత ఇనప కొలిమి టూర్ పెట్టుకోండి, 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు ఫ్యాక్టరీ సమ్మె గురించి వింటే ఉక్కు యజమాని కార్నెగీ పేరున్న మ్యూజియంలు ఏ డబ్బుతో వచ్చాయో తెలుస్తుంది. చికాగోలో వివేకానందుడు 1893లో మాట్లాడిన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అందరూ చూస్తారు, మర్నాడు పుల్‌మన్ పేటకి వెళ్ళండి, రైలు పెట్టెల కంపెనీ తన కార్మికుల కోసం కట్టి, ఆఖరికి వాళ్ళతోనే గొడవపడిన ఊరు అది.

డెట్రాయిట్‌కి వెళ్ళేముందు ఇంకో రెండు మాటలు. వుడ్‌వర్డ్ మీద క్యూలైన్ ట్రామ్ ఫ్రీ, డౌన్‌టౌన్ నుంచి డిఐఏకి, పికెట్ దగ్గరికి అదే తీసుకెళ్తుంది, కాబట్టి కారు ఒక్క చోటే పార్క్ చేస్తే చాలు, లోపల బ్యాగులు, ల్యాప్‌టాప్ కనపడేలా పెట్టొద్దు. పీపుల్ మూవర్ అనే చిన్న రైలు డౌన్‌టౌన్ చుట్టూ తిరుగుతుంది, 13 స్టేషన్లలో టైల్స్‌తో, మొజాయిక్‌తో ఆర్ట్ ఉంది, ముసలివాళ్ళు నడవలేకపోతే ఇందులో ఒక రౌండ్ కొట్టించండి. నది మధ్యలో బెల్ ఐల్ అనే దీవి పార్కుకి కార్లో వెళ్ళాలంటే స్టేట్ పార్క్ పాస్ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, డౌన్‌టౌన్‌లో జీపీఎస్ చెప్పిందని ఆలోచించకుండా తిరిగితే టన్నెల్ లేన్‌లోకో బ్రిడ్జి లేన్‌లోకో వెళ్ళిపోతారు, ఒకసారి ఎక్కాక యూటర్న్ ఉండదు, నేరుగా కెనడా బోర్డర్. హెచ్1బి మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు పాస్‌పోర్ట్, వీసా కాగితాలు లేకుండా అక్కడ ఇరుక్కుంటే చాలా తలనొప్పి, అందుకని "బ్రిడ్జ్ టు కెనడా" బోర్డు కనపడగానే లేన్ మారిపోండి, ఎందుకైనా మంచిది ఆ కాగితాలు కూడా వెంట పెట్టుకునే వెళ్ళండి.